రేవు పాట మారింది: బండితో సఖినేటిపల్లి వెళ్లేవారికి కొన్ని జాగ్రత్తలు

మా ఇల్లు నరసాపురంలో. నేను పాఠాలు చెప్పే బడి గోదావరికి అవతల, సఖినేటిపల్లి మండలంలో. పదకొండేళ్లుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మాధవాయిపాలెం రేవులో స్కూటరుతో సహా పంటు, అంటే మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పడవ, ఎక్కుతున్నాను. ఇన్నేళ్లలో రేవు నడిపే హక్కు వేలం పాటలో చేతులు మారడం చాలాసార్లు చూశాను. మారిన ప్రతిసారీ మొదటి పదిహేను రోజులు ఒకటే గందరగోళం. టికెట్టు కోసే కుర్రాడు కొత్తవాడు, రోజూ వచ్చేవాళ్ల ముఖాలు అతనికి తెలియవు. పాత లెక్కలు మనం చెబితే వినడు, కొత్త లెక్కలు అతనికే సరిగా రావు.

అందుకని మొదట చేయవలసింది, బండిని నేరుగా రేవులోకి దించకుండా గట్టు మీదే ఆపి రేట్ల బోర్డు చదవడం. సైకిలు, మోటారు సైకిలు, ఆటో, కారు, సరుకు బండి దేనికదే వేరు. బండి మీద వెనక కూర్చున్న మనిషికి విడిగా టికెట్టు ఉందా, బండి రేటులోనే కలిసి ఉందా అన్నది చూడండి. తగాదాలన్నీ అక్కడే మొదలవుతాయి. బోర్డు ఫోటో ఒకటి తీసి ఫోనులో ఉంచుకోండి. టికెట్టు తప్పకుండా అడిగి తీసుకోండి, అవతలి ఒడ్డు చేరేదాకా పారేయకండి. రేటు ఎక్కువ తీసుకున్నారనిపిస్తే ఆ కుర్రాడి మీద అరిచి లాభం లేదు, అతను జీతగాడు. టికెట్టు, బోర్డు ఫోటో పట్టుకుని వేలం నిర్వహించిన కార్యాలయానికి వెళ్లాలి. కేకలు వేసినవాళ్లకంటే కాగితం చూపించినవాళ్లకే పని జరగడం చూశాను.

నెలకు ఒకేసారి కట్టే అలవాటున్నవాళ్లు పాట గడువు ముగిసే నెలలో ముందుగా డబ్బు కట్టకండి. పాత పాటదారుకు, అంటే అంతకుముందు వేలంలో రేవు పాడుకున్నవారికి, కట్టిన సొమ్ముతో కొత్త పాటదారుకు సంబంధం లేదు. ఈ సంగతి వేరే రేవులో పన్నెండు రోజుల డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఇంకొకటి, ఫోనుతో చెల్లించేవారికి. పాత పాటదారు అంటించిన క్యూఆర్ కోడ్ టీ బడ్డీ స్తంభానికి ఇంకా అలాగే ఉండవచ్చు. అలవాటుగా దానికి ఫోను చూపిస్తే డబ్బు ఆయన ఖాతాకే పోతుంది, ఇక్కడ మళ్లీ కట్టవలసి వస్తుంది. తెర మీద వచ్చే పేరు టికెట్టు కోసే కుర్రాడికి చూపించి, అతను అవునన్నాకే నొక్కండి. చిల్లర దగ్గర ఉంటే ఈ తంటా ఏదీ లేదు.

ఇక బండి ఎక్కించడం. పాటదారు మారినా గోదావరి మారదు గనుక ఇక్కడ పాత పాఠమే. అంతర్వేది దగ్గర ఈ గోదావరి పాయ, వశిష్ట, సముద్రంలో కలుస్తుంది, ఆ పోటు మా రేవు దాకా తెలుస్తుంది. రోజుకు రెండుసార్లు నీరు ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఈ రోజు పోటు వచ్చిన వేళకు రేపు రాదు, ముప్పావు గంటకు పైగా ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి నీటిమట్టంలో తేడా ఇంకా ఎక్కువ. నీరు తీసి ఉన్నప్పుడు రేవు వాలు నిటారుగా ఉంటుంది, పోటు వదిలిన జాగాలో బురద పేరుకుని ఉంటుంది. స్కూటరు మీద కూర్చుని దిగితే ముందు బ్రేకు జోలికి వెళ్లకండి. బురదలో ముందు చక్రం జారితే కాలు ఆనించడానికి కూడా సమయం ఉండదు. నాకు అనుమానంగా ఉన్న రోజున దిగి నడిపించుకుంటూ తీసుకువెళతాను. వెనకవాడు హారను కొడతాడు, కొట్టనివ్వండి.

కారులో వచ్చేవారు పిల్లలను, పెద్దవాళ్లను గట్టు మీదే దింపేయాలి. డ్రైవరు ఒక్కడే కారును పంటు మీదకు ఎక్కించాలి. ఎక్కడ ఆపాలో కళాసీ, అంటే పంటు మీద పనివాడు, చేత్తో చూపిస్తాడు. మీకు వేరే చోటు మెరుగ్గా కనిపించినా అతను చెప్పిన చోటే ఆపండి. బరువు ఒక పక్కకు పోకుండా చూసే లెక్క అతనిది. ఆపాక ఇంజను కట్టేసి, హ్యాండు బ్రేకు లాగి, గేరులో ఉంచండి. ద్విచక్ర వాహనమైతే పెద్ద స్టాండు వేయాలి. తడిసిన ఇనుప రేకు మీద పక్క స్టాండు జారుతుంది, ఒక బండి పడితే పక్కన ఉన్న నాలుగూ వరసగా పడతాయి.

ఎక్కగానే లైఫ్ జాకెట్లు ఎక్కడ వేలాడుతున్నాయో ఒకసారి చూసుకోండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగిన తర్వాత కొన్నాళ్లు అందరూ వాటి గురించి అడిగారు, ఇప్పుడు మళ్లీ ఎవరూ అడగడం లేదు. కొత్త యాజమాన్యం వచ్చిన మొదటి రోజుల్లోనే అడగాలి, అప్పుడైతే వింటారు. పంటు నిండిపోయిందనిపిస్తే తర్వాతి దానికి ఆగండి.

వరద రోజుల్లో ధవళేశ్వరం కబురు తెలుసుకోకుండా బయలుదేరవద్దు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక మాట వినగానే నేను ఇక రేవు వైపు చూడను. పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన ఎక్కి, రాజోలు తిరిగి వెళతాను. చుట్టే, కానీ దారి కాళ్ల కింద ఉంటుంది. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం జరిగే రోజుల్లో కారు ఉన్నవారికీ ఇదే నా సలహా. ఆ జనంలో కారును పంటు ఎక్కించడం మీకూ కష్టమే, కాలినడకన వచ్చినవాళ్లకూ కష్టమే.

ఆఖరి పంటు వేళ మాత్రం బోర్డు చూసి నమ్మకండి. మంచు పడితే ఒకలాగా, గాలి వీస్తే ఒకలాగా, జనం లేకపోతే ఇంకొకలాగా ఉంటుంది. కిందటిసారి పాట మారిన వారంలోనే బడిలో సమావేశం ముగించుకుని, పాత వేళ మనసులో పెట్టుకుని సఖినేటిపల్లి రేవుకు వచ్చాను. పంటు అవతల కట్టేసి ఉంది, దాని దీపం కూడా ఆర్పేశారు. రాజోలు, చించినాడ, పాలకొల్లు తిరిగి ఇల్లు చేరేసరికి పదిన్నర దాటింది. ఆ మర్నాటి నుంచి పొద్దున అవతల దిగేటప్పుడే పంటు నడిపే సరంగును అడుగుతున్నాను: "సాయంత్రం ఆఖరిది ఎన్నింటికండీ?"