డాక్యుమెంటరీ ఎడిటింగ్ – 4వ పాఠం: కాగితం మీద కత్తిరింపు

పోయిన పాఠంలోని అభ్యాసం చేసి ఉంటే, మీ దగ్గర 40 నిమిషాల ఇంటర్వ్యూ, దాని పూర్తి రాతప్రతి ఉంటాయి. ప్రతి జవాబు పక్కన టైమ్‌కోడ్, అంటే రికార్డింగులో అది వచ్చే నిమిషం, సెకను వేశారా? సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఆ 40 నిమిషాలు 60,000 ఫ్రేములు. అందులో ఒక్క నిట్టూర్పును మౌసుతో వెతుక్కుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

ఇప్పుడు కంప్యూటర్ ఆపేయండి. రాతప్రతిని జవాబుల వారీగా ముక్కలు కత్తిరించి నేల మీద పరచండి.

పత్రికల నుంచి వచ్చినవాళ్లం తడబడేది ఇక్కడే. ముఖ్యమైనది ఇంట్రోలో ఉండాలి, చోటు చాలకపోతే కింది నుంచి కోయాలి: డెస్కు నేర్పిన పాఠం ఇది. నా మొదటి చిత్రం 22 నిమిషాలు. మగ్గం అమ్మకానికి పెట్టానని నేతన్న చెప్పే మాటను మొదటి నిమిషంలోనే పెట్టాను. విషయం తెలిసిపోయాక చూసేవాళ్లకు ఇక పనేముంది? పాఠకుడు సగంలో పేపరు మడిచినా వార్త అందుతుంది. సినిమాకు ఆ సౌకర్యం లేదు. అదే మాటను 18వ నిమిషానికి జరిపి, అంతకుముందు ఆయన కండెలు చుట్టడం, తెగిన పోగును ముడివేయడం చూపించాక గదిలో ఎవరూ కదల్లేదు.

అమెరికాలో లైఫ్ పత్రికలో పనిచేసి డాక్యుమెంటరీలకు వచ్చిన రాబర్ట్ డ్రూ కూడా 1960లో విస్కాన్సిన్ రాష్ట్రపు ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే) ఎన్నికల్లో కెనెడీ, హంఫ్రీల ప్రచారాన్ని చిత్రించినప్పుడు వ్యాఖ్యానాన్ని బాగా తగ్గించాడు. చెప్పడం మానుకోవడం విలేకరికి ఎంత కష్టమో మీకే తెలుసు.

డెస్కు అలవాట్లలో ఒకదాన్ని మాత్రం వదలకండి: మనిషి అనని మాటను అన్నట్టు రాయకపోవడం. ఇంటర్వ్యూ నాలుగో నిమిషంలో నా నేతన్న “మానేద్దామనుకున్నాను” అన్నాడు. పంతొమ్మిదో నిమిషంలో, ఇంటి గురించి అడిగితే, “అప్పు తీరలేదు” అన్నాడు. రెండూ కలిపి, అతుకు మీద చేతుల షాటు కప్పితే ఎవరికీ తెలియదు. కానీ అప్పు వల్లే మానేయాలనుకున్నాడన్న మాట ఆయన అనలేదు, మనం అనిపించాం. ఒకే జవాబులో తడబాట్లు తీసేయడం వేరు. వేర్వేరు జవాబులు కలిపితే మాత్రం, ఆయన పక్కన కూర్చుని వింటున్నాడనుకుని ఒకసారి పైకి చదవండి.

అభ్యాసం: 12 ముక్కలు ఎంచుకోండి. ఒక్కొక్కదాని వెనుక ఆ సమయంలో తెర మీద ఏం కనిపిస్తుందో రాయండి. రాయడానికి ఏమీ తోచని ముక్కను పక్కన పెట్టండి. మిగిలినవాటిని వరుసలో పేర్చి, గడియారం పెట్టుకుని చదవండి. నాలుగు నిమిషాలు దాటితే మళ్లీ కత్తెర పట్టండి.

ఐదో పాఠానికి ఇంటర్వ్యూ జరిగిన గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం శబ్దం రికార్డు చేసుకుని రండి. ఫ్యాను తిరుగుతుంటే తిరగనివ్వండి.