అభ్రకంలో దిక్కులు – 3వ పాఠం: రేకులో కాంతికి రెండు దారులు

కాకిబంగారం (అభ్రకం) పొరలుగా ఎందుకు ఊడుతుందో కిందటి పాఠంలో చూశాం. పొర లోపల సిలికాన్, ఆక్సిజన్ గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. పొరకీ పొరకీ మధ్య ఉన్నవి పొటాషియం అయాన్లే, వాటి పట్టు బలహీనం. కాఠిన్యం కూడా అంతే: మోస్ కొలతలో, రేకు మీద గీస్తే 2.5, రేకుకు అడ్డంగా గీస్తే సుమారు 4. అయితే రేకు తలంలోనే ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దిక్కులు కూడా కాంతికి ఒకటి కావు. ఈసారి వాటిని పట్టుకుని, పావు తరంగపు రేకు తయారుచేద్దాం, అంటే ఒక దిక్కున కంపించే కాంతిని రెండోదానికంటే తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు వెనకబెట్టే రేకు.

గూడూరు వైపు దొరికే లేతాకుపచ్చ అభ్రకం దీనికి బాగుంటుంది. మచ్చలు, గాలి బుడగలు లేని 0.25 మి.మీ. ముక్క తీసుకోండి. నలిగిన అంచును కత్తెరతో తీసేయండి, లేకపోతే సూది ఒకేసారి నాలుగైదు పొరల్లోకి దూరుతుంది. మూల దగ్గర మందంలో సరిగ్గా సగానికి సూది గుచ్చి, చీలికలో ఒక నీటి చుక్క వేసి, మెల్లగా ముందుకు నెట్టండి. ఎప్పుడూ సగానికే చీల్చాలి. ఒక పక్క పలచనైతే అదే ఎక్కువ వంగి చిరుగుతుంది, మెట్లు పడతాయి. మూడు చీలికల్లో 0.12, 0.06, 0.03 మి.మీ.కి వస్తారు.

మందం కొలవడంలోనే ఎక్కువ మంది తప్పు చేస్తారు. మామూలు స్క్రూగేజి 0.01 మి.మీ. వరకే చెబుతుంది, 0.03 దగ్గర అది చాలదు. రేకు అంచును నాలుగు ముక్కలుగా కత్తిరించి, ఒకదానిమీద ఒకటి పేర్చి కొలిచి నాలుగుతో భాగించండి.

ఇప్పుడు కంప్యూటర్ తెర మీద తెల్ల పేజీ తెరవండి. ఎల్‌సీడీ తెర కాంతి ముందే ధ్రువితమై, అంటే ఒకే దిక్కున కంపిస్తూ వస్తుంది. దాని ముందు పోలరాయిడ్‌ను (తన అక్షం దిక్కున కంపించే కాంతినే వదిలే పలకను) తిప్పి పూర్తిగా చీకటి చేసి, మధ్యలో రేకు పెట్టి తిప్పండి. ఒక చుట్టులో నాలుగుసార్లు చీకటి, వాటి మధ్య వెలుగు. చీకటి పడినప్పుడు పోలరాయిడ్ అక్షం వెంట ఒకటి, దానికి లంబంగా ఒకటి, ఈ రెండు దిక్కులనూ రేకు అంచున మార్కర్‌తో గీయండి. 1వ పాఠంలో మొద్దు సూదితో కొట్టి తీసిన ఆరు రెక్కల నక్షత్రం గుర్తుందా? దాని పొడవైన రెక్క ఈ గీతల్లో ఒకదానితో కలుస్తుంది. తెల్ల అభ్రకంలో (మస్కొవైట్; మన లేతాకుపచ్చ రేకూ ఇదే రకం) అదే వేగపు దిక్కు (వక్రీభవన గుణకం సుమారు 1.590), దానికి లంబంగా ఉన్నది నెమ్మది దిక్కు (సుమారు 1.5945).

తేడా 0.0045. పసుపు కాంతి తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లలో నాలుగో వంతు 147. దాన్ని 0.0045తో భాగిస్తే కావలసిన మందం వస్తుంది: 0.033 మి.మీ. మన రేకు అక్కడికే చేరింది.

పరీక్ష ఇలా చేయండి: అద్దం మీద రేకు, దాని పైన పోలరాయిడ్, రేకు గీతలు పోలరాయిడ్ అక్షానికి 45 డిగ్రీలలో. కాంతి రేకును రెండుసార్లు దాటుతుంది కాబట్టి దాని కంపన దిక్కు 90 డిగ్రీలు తిరిగి పోలరాయిడ్ దగ్గర ఆగిపోతుంది. అద్దం ముదురు ఊదాకు దిగితే మందం సరిపోయింది. అద్దం ఎక్కువగా వెలుగుతుంటే మందం తప్పింది. ఒక్క మోసం ఉంది: 0.1 మి.మీ. దగ్గర కూడా పసుపు ఆగిపోతుంది, కానీ నీలం నిండుగా కనిపిస్తుంది. అలాంటి రేకును మళ్లీ చీల్చాలి. ఒక మూలే చీకటై మరో మూల వెలుగుతుంటే చీలికలో మెట్టు పడింది. చీకటైన భాగం వరకు కత్తిరించి వాడుకోండి.