కారు సర్వీసు ఎస్టిమేటు: ఏది తప్పనిసరి, ఏది అదనం? (సమస్య – పరిష్కారం)

పొద్దున సర్వీసుకు ఇచ్చిన కారుకు మధ్యాహ్నంలోగా ఫోనులో వచ్చే ఎస్టిమేటులో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్లతో పాటు థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజిన్ ఫ్లష్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్ వరసగా కనిపిస్తాయి. కార్ల కంపెనీ ఆ కిలోమీటర్ల దగ్గర చేయించమన్న పనీ, సర్వీస్ సెంటర్ తన తరఫున చేర్చిన పనీ ఒకే పట్టికలో కలిసి ఉండటం వల్ల, యజమాని అన్నిటికీ సరేనంటాడు, లేదంటే విసుగొచ్చి అవసరమైనవాటిని కూడా కొట్టివేయిస్తాడు. రెండోది మొదటిదానికన్నా ఖరీదైన పొరపాటు.

ఎస్టిమేటులోని ఏ పద్దుకైనా రెండు ఆధారాల్లో ఒకటి ఉండాలి. మీ కారు తిరిగిన దూరానికో, నిండిన కాలానికో ఆ పని చేయించాలని ఓనర్స్ మాన్యువల్‌లోని మెయింటెనెన్స్ పట్టిక చెప్పాలి. లేదా కంటికి కనిపించే, చెవికి వినిపించే, పరికరంతో కొలవగలిగే లక్షణం ఒకటి కారులో ఉండాలి. రెండూ లేని పద్దును నిరభ్యంతరంగా తీసేయించవచ్చు.

సమస్య: ఎస్టిమేటు అనుకున్నదానికి రెట్టింపు వచ్చింది

కారణం చాలాసార్లు ఒక్క అక్షరంలో ఉంటుంది. మాన్యువల్ పట్టికలో ప్రతి భాగానికి ఎదురుగా 'ఆర్' అనో 'ఐ' అనో ఉంటుంది. మొదటిది మార్చాలని, రెండోది పరిశీలించి అవసరమైతేనే మార్చాలని చెబుతుంది. 20,000 కి.మీ. దగ్గర 'ఐ' అని ఉన్న ఎయిర్ ఫిల్టర్ ఎస్టిమేటులోకి వచ్చేసరికి మార్చవలసిన వస్తువుగా మారిపోతుంది.

పరిష్కారం: కారు ఇచ్చే ముందు రోజే మాన్యువల్‌లో ఆ పేజీని ఫోటో తీసుకుని, ఎస్టిమేటు రాగానే పక్కపక్కన పెట్టి చూడండి. పట్టికలో లేని ప్రతి పద్దు గురించి సర్వీస్ అడ్వైజర్‌ను ఒకే ప్రశ్న అడగండి: "ఈ పని చేయించకపోతే ఇప్పుడు కారులో ఉన్న ఇబ్బంది ఏమిటండీ?" "ముందుజాగ్రత్తగా చేయిస్తే మంచిది సార్" అన్నది జవాబు కాదు. "ఫిల్టర్ చూపిస్తాను రండి" అన్నది జవాబు. ఫిల్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు కాగితం మడతల్లోంచి వెలుగు కనిపిస్తూ ఉంటే, దులిపి మళ్లీ పెట్టించి వచ్చే సర్వీసు దాకా నడపవచ్చు. మడతల అడుగున సన్నని ధూళి అట్టకట్టినా, నూనె మరకలున్నా మార్పించడమే సరైనది.

అడ్వైజర్ చెప్పేది న్యాయమైన సందర్భమూ ఒకటుంది. చాలా మాన్యువళ్లలో అసలు పట్టిక వెనకే కఠిన పరిస్థితులకు మరో పట్టిక ఉంటుంది. ఎక్కువ దుమ్ము, గంటల తరబడి ట్రాఫిక్, ఇంజిన్ వేడెక్కకముందే ముగిసే చిన్న ప్రయాణాలు దాని కిందికి వస్తాయి. రోజూ క్వారీ లారీల వెనక నడిచే కారుకు, హైదరాబాద్‌లో ఐటీ కారిడార్ రద్దీలో మొదటి రెండు గేర్లలోనే తిరిగే కారుకు ఫిల్టర్లు, ఆయిల్ ముందుగా మార్చమనడం అమ్మకపు మాట కాకపోవచ్చు. అది కూడా మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది కనుక చూపించమని అడగండి.

సమస్య: కారు ఏడాదిలో రెండు మూడు వేల కిలోమీటర్లే తిరిగింది, సర్వీసు వాయిదా వేయవచ్చా?

పిల్లలు విదేశాల్లో ఉండి, తల్లిదండ్రుల కోసం కొనిపెట్టిన కార్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. బ్యాంకుకు, గుడికి, ఆసుపత్రికి తప్ప కదలని ఈ కార్లకు సర్వీసు ఎందుకన్న ప్రశ్న సహజమే. కానీ పట్టికలో 10,000 కి.మీ. లేదా 12 నెలలు, ఏది ముందైతే అది అని రాయడానికి కారణముంది. రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణంలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే కలిసి ఉండిపోతాయి.

పరిష్కారం: ఏడాదికోసారి ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించండి. మిగిలినవాటిలో కాలాన్ని బట్టి మార్చవలసినవి తప్ప, కిలోమీటర్లను బట్టి మార్చేవన్నీ పరిశీలనతో సరిపెట్టవచ్చు. కదలని కారులో ముందుగా దెబ్బతినేది బ్యాటరీ కనుక దాన్ని కొలిపించండి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2 కన్నా తగ్గితే ముందు చార్జింగ్ పెట్టించి, నిలవకపోతేనే కొత్తది కొనాలి.

సమస్య: కారు నిక్షేపంగా నడుస్తోంది, అయినా బ్రేక్ ఫ్లూయిడ్ మార్చమంటున్నారు

ఎక్కువమంది కొట్టివేయించే పద్దు ఇదే, కొట్టివేయించకూడని పద్దూ ఇదే. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పెరిగేకొద్దీ దాని మరుగు స్థానం పడిపోతుంది. డాట్-4 రకానికి ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ మరుగు స్థానం ఉండాలి. నిర్ణీత మోతాదులో తేమ చేరిన తర్వాత కనీసం 155 డిగ్రీలుంటే చాలు. రోజువారీ నడకలో ఈ తేడా ఎక్కడా బయటపడదు. తిరుమల ఘాట్ రోడ్డులోనో, శ్రీశైలం ఘాట్‌లోనో నిండు బరువుతో దిగుతూ బ్రేకు మీద కాలు తీయకుండా ఉన్నప్పుడు ఫ్లూయిడ్ మరిగి బుడగలు పుడితే, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అప్పటిదాకా లక్షణం లేదు.

పరిష్కారం: చాలా కంపెనీల పట్టికల్లో ఇది రెండేళ్లకోసారి మార్చవలసిన వస్తువు, మీ మాన్యువల్ చెప్పిన గడువును కిలోమీటర్లతో సంబంధం లేకుండా పాటించండి. సందేహంగా ఉంటే తేమ కొలిచే చిన్న పరికరంతో చూపించమనండి. డబ్బాలో తగ్గినంత పోసి సరిపెట్టడం మార్చడం కాదు. పైగా మట్టం తగ్గిందంటే బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, ఎక్కడో కారుతూనైనా ఉండవచ్చు.

ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంటుదీ ఇదే తీరు. అందులోని తుప్పు నిరోధకాలు కాలం గడిచేకొద్దీ ఖర్చయిపోతాయి. గడువు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్కవాడి కారును చూసి నిర్ణయించకూడదు. మట్టం తగ్గిందని కుళాయి నీళ్లు పోయడం మానాలి.

ఇంజిన్ వాల్వులను పిస్టన్ల కదలికకు తగ్గట్టు తెరిచి మూసేలా చేసే టైమింగ్ బెల్టు వీటన్నిటికన్నా పెద్ద విషయం. కొన్ని ఇంజిన్లలో ఆ పనికి గొలుసు ఉంటుంది, దానికి సాధారణంగా మార్చే గడువు ఉండదు. కొన్నింటిలో రబ్బరు బెల్టు ఉంటుంది, దానికి గడువు ఉంటుంది. ఆ బెల్టు నడుస్తుండగా తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, ఇంజిన్ విప్పవలసి వస్తుంది. మీ ఇంజిన్‌లో ఉన్నది ఏదో తెలుసుకోండి. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవారికి పాత బిల్లుల్లో బెల్టు మార్చిన దాఖలా దొరక్కపోతే, మార్చలేదనే అనుకుని ముందుకు వెళ్లడం మేలు.

సమస్య: ఆయిల్ నల్లబడింది, ఇంజిన్ ఫ్లష్ చేయించాలంటున్నారు

రంగు ఒక్కటే రోగ లక్షణం కాదు. లోపలి మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ పనుల్లో ఒకటి, డీజిల్ ఇంజిన్‌లో అయితే కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. గడువుకు ఆయిల్ మారుస్తూ వచ్చిన ఇంజిన్‌కు ఫ్లష్‌తో, అంటే రసాయనం పోసి లోపల కడిగించడంతో, పని లేదు. ఆ డబ్బుతో మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిలే పోశారో లేదో చూసుకోవడం మేలు: 0డబ్ల్యూ-16 అడిగిన ఇంజిన్‌కు చేతిలో ఉన్నదేదో పోసి పంపడం బయట షెడ్లలో అరుదు కాదు.

ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ మీద నిజంగా భయపడవలసినవి రెండున్నాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే అందులో నీరో కూలెంటో చేరిందేమోనని పరీక్ష చేయించాలి. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కారులో ఆయిల్ మట్టం తగ్గకుండా పెరుగుతూ ఉంటే డీజిల్ వచ్చి కలుస్తోందని అనుమానించాలి. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకునే ప్రక్రియ, ఊళ్లోనే తిరిగే కారులో మధ్యమధ్యలో ఆగిపోవడం దీనికి తరచూ కారణమవుతుంది. అలాంటి కారును అప్పుడప్పుడు హైవే మీద నిలకడైన వేగంతో కొంతసేపు నడపాలి, పలచబడిన ఆయిల్‌ను మార్పించాలి.

సమస్య: పికప్, మైలేజీ తగ్గాయి, డీకార్బనైజేషన్ ప్యాకేజీ తీసుకోమంటున్నారు

థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) క్లీనింగ్, ఇంజెక్టర్ (ఇంధనాన్ని చిమ్మే భాగం) క్లీనింగ్, డీకార్బనైజేషన్ (ఇంజిన్ లోపల పేరుకున్న మసిని తొలగించడం) అన్నవి మోసపు పేర్లు కావు, నిజంగా ఉన్న చికిత్సలే. జబ్బు లేనివాడికి ఇవ్వడమే తప్పు. కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని చూపే ఆర్పీఎం ముల్లు నిలకడ లేకుండా పైకీ కిందికీ ఊగడం, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోవడం ఉంటే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించడంలో అర్థముంది. ఇంజిన్ ఒక సిలిండర్ మీద తడబడుతూ చెక్ ఇంజిన్ దీపం వెలిగితే, ముందుగా స్కానర్ పెట్టి లోపం కోడ్ చదివించాలి. స్పార్క్ ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్లలో దేనిది తప్పో తేలాకే డబ్బు ఖర్చు పెట్టాలి.

మైలేజీ ఒక్కటే తగ్గితే, ఖర్చు లేని కారణాలను ముందు చూడండి. టైర్లలో గాలి తక్కువైందా? బ్రేకు పట్టేసి ఏదైనా చక్రం మిగతావాటికన్నా ఎక్కువ వేడెక్కుతోందా? బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఎథనాల్‌లో లీటరు పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి, మైలేజీలో కొద్దిపాటి తగ్గుదల ఇంధనం వల్లనే వస్తుంది, దాన్ని ఏ క్లీనింగూ తిరిగి తీసుకురాదు.

సమస్య: స్టీరింగ్ లాగుతోంది, లేదా వణుకుతోంది

అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా చేయడం) రెండింటినీ జంటగా బిల్లులో వేయడం ఆనవాయితీ అయింది కానీ, వాటి లక్షణాలు వేరు. చదునైన, తిన్నని రోడ్డు మీద కారు ఒక పక్కకు లాగుతుంటే, లేదా తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ వంకరగా ఉంటే, ముందు నాలుగు టైర్ల గాలి సరిచూసి, అప్పటికీ మారకపోతే అలైన్‌మెంట్ చేయించండి. ముందు టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూస్తే బయటి అంచుకన్నా నున్నగా తగలడం ఇంకో గుర్తు. గంటకు 80, 100 కి.మీ. మధ్య మాత్రమే స్టీరింగ్ వణికి, ఆ తర్వాత సర్దుకుంటే బ్యాలెన్సింగ్ సరిపోతుంది. బ్రేకు వేసినప్పుడే వణికితే ఈ రెండూ కాదు, డిస్కులు చూపించాలి.

ఈ లక్షణాలేవీ లేనప్పుడు టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్పించుకుంటే చాలు. టైరు గాడి లోతు 1.6 మి.మీ.కు దిగితే చట్ట ప్రకారం మార్చాల్సిందే, వానాకాలానికి ముందైతే అంతదాకా ఆగకపోవడం మంచిది. టైర్లలో గాలికి బదులు నింపమనే నైట్రోజన్ విషయానికొస్తే, మామూలు గాలిలోనే దాదాపు 78 శాతం నైట్రోజన్ ఉంది. నెలకోసారి గాలి చూసుకునేవారికి దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

సమస్య: ఏసీ చల్లదనం తగ్గింది, గ్యాసు పట్టించమంటున్నారు

ఏసీ గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. గ్యాసు గణనీయంగా తగ్గిందంటే లీకేజీ ఉండాలి, దాన్ని వెతక్కుండా గ్యాసు పట్టిస్తే వచ్చే వేసవికి మళ్లీ అదే బిల్లు. గాలి వేగమే తగ్గితే, కారు లోపలికి వచ్చే గాలిని వడపోసే క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, ఇంట్లోనే మార్చుకోవచ్చు. గాలి బాగానే వస్తూ కారు ఆగినప్పుడు మాత్రమే చల్లదనం తగ్గితే ముందున్న కండెన్సర్‌కు (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ లాంటి భాగం) పట్టిన దుమ్మును కడిగించి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూపించండి. ముక్కిన వాసన వస్తేనే డిసిన్‌ఫెక్షన్ గురించి ఆలోచించాలి.

కోటింగుల్లో టెఫ్లాన్ వంటివి అందం కోసం, మనసుకు నచ్చితే వేయించుకోవచ్చు. అండర్‌బాడీ కోటింగ్ లోతట్టు ఊళ్లలో తప్పనిసరేమీ కాదు కానీ, విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల సముద్రానికి దగ్గరగా ఆరుబయట నిలిపే కారుకు తుప్పు చిన్న సమస్య కాదు. కారును లిఫ్టు మీద ఎక్కించి అడుగున తుప్పు మచ్చలు చూపించి చెబితే వినవచ్చు.

సమస్య: కొన్ని పద్దులు వద్దంటే వారంటీ పోతుందంటున్నారు

మాన్యువల్ పట్టికలోని పనులను గడువులోగా చేయించకపోతే, దానివల్ల వచ్చిన లోపానికి వారంటీ నిరాకరించే అవకాశం ఉంది. పట్టికలో లేని క్లీనింగులు, కోటింగులు వద్దనడానికీ దానికీ సంబంధం లేదు. బయట గ్యారేజీలో పని చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టరాదని, బయటి పనిలో లోపం వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీని నిరాకరించవచ్చని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో చెప్పింది. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి కనుక, వారంటీ ఉన్నన్నాళ్లు పట్టికలోని పనులను అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించుకుని వివాదానికి తావివ్వకపోవడం ఆచరణలో సులువైన దారి.

వద్దన్న పద్దులను నోటిమాటగా వదిలేయకుండా, సంతకం పెట్టే ముందు, చేయవలసిన పనులు రాసే జాబ్ కార్డులో కొట్టివేయించండి. పాత భాగాలను డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి. బిల్లు చేతికొచ్చాక అందులో ఆయిల్ గ్రేడు, ఎన్ని లీటర్లు పోశారు, బ్రేక్ ఫ్లూయిడ్ ఏ రకం అన్నవి విడివిడిగా రాసి ఉన్నాయో లేదో చూసి, లేకపోతే కౌంటరు దగ్గరే రాయించుకుని బయటికి రండి.