గణిత విద్యా పరిశోధనను వృత్తిగా ఎంచుకునేవారికి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎం.ఎస్సీ. గణితం చదువుతూ, పిల్లలు లెక్కలో ఎక్కడ, ఎందుకు తడబడుతున్నారో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవారు ముందుగా ఒక తేడాను గ్రహించాలి. గణిత పరిశోధకులు సిద్ధాంతాన్ని నిరూపిస్తారు; గణిత విద్యా పరిశోధకులు ఆ భావన విద్యార్థి మనసులో ఎలా రూపుదిద్దుకుంటుందో ఆధారాలతో చూపుతారు. రెండో పనికీ గణితంలో గట్టి పునాది తప్పనిసరి కాబట్టి, విక్రమ సింహపురి లేదా ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లోనే బీజగణితంతోపాటు సాంఖ్యకశాస్త్రాన్నీ శ్రద్ధగా నేర్చుకోండి.

ఆ తర్వాత కొంతకాలం బడిలో బోధించండి. నా దృష్టిలో దీన్ని మించిన శిక్షణ లేదు. 1/3కు 1/4 కలిపి 2/7 అని రాసిన విద్యార్థి జవాబును కొట్టివేయకుండా, ఎలా చేశావో చెప్పమని అడిగి, ఆ మాటలను యథాతథంగా రాసుకోండి. లవాన్నీ హారాన్నీ సంబంధం లేని రెండు పూర్ణసంఖ్యలుగా చూసే ఆలోచన అందులో బయటపడవచ్చు. పరిశోధనాంశం మన వీధిలోనే దొరుకుతుంది: నెల్లూరులో ఇంటి స్థలాన్ని 72 చదరపు అడుగుల అంకణాల్లో లెక్కిస్తారు, ఆ లెక్క వింటూ పెరిగిన పిల్లలు పాఠ్యపుస్తకంలోని వైశాల్యాన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారన్నది ఎంతో విలువైన ప్రశ్న. అయితే సమాచారం సేకరించే ముందు ప్రధానోపాధ్యాయుల, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

పీహెచ్‌డీకి ముంబయిలోని హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్‌ను తప్పక పరిశీలించండి. 1974లో మొదలైన ఈ కేంద్రం టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో భాగం. ఎక్కడ దరఖాస్తు చేసినా, మీ తరగతి గది పరిశీలనల నుంచి పుట్టిన ఒకే ఒక్క ప్రశ్నను స్పష్టంగా వివరించండి.