మే 1 లోపు తేల్చుకోవాలి: కమ్యూనిటీ కాలేజీయా, నాలుగేళ్ళ కాలేజీయా?

మార్చి నెలాఖరుకల్లా యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ఫలితాలు వచ్చేస్తాయి, మే 1 లోపు సీటు తీసుకుంటున్నామో లేదో చెప్పేయాలి. ఈ మధ్యలో ఉండే నెల రోజులూ కాలిఫోర్నియాలో మన తెలుగు ఇళ్ళలో ఒకటే టెన్షన్. అనుకున్న క్యాంపస్ రాలేదు, వచ్చిన క్యాంపస్‌లో అనుకున్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు) రాలేదు, పోనీ డీ ఆన్జా లాంటి కమ్యూనిటీ కాలేజీలో మొదటి రెండేళ్ళు చదివించి మిగతా రెండేళ్ళకి యూసీకి ట్రాన్స్‌ఫర్ చేయిద్దామా అని ఒకరంటే, ఇంత కష్టపడి చదివింది కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళడానికా, నలుగురూ ఏమనుకుంటారు అని ఇంకొకరు. నలుగురి సంగతి పక్కన పెట్టండి. ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళినవాళ్ళకి చివర్లో ఇచ్చే యూసీ డిగ్రీ మిగతావాళ్ళకి ఇచ్చేదే. ప్రమాదం ఉన్నది అక్కడ కాదు. లెక్క చూసుకోకుండా చేరితే రెండేళ్ళ చదువు మూడేళ్ళవుతుంది, ఒక్కోసారి నాలుగూ అవుతుంది. అందుకే సీటు వదులుకునే ముందే కొన్ని చూసుకోండి.

ముందు డబ్బు, ఎందుకంటే అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. రాష్ట్రవాసులకి కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కి (క్రెడిట్‌కి) 46 డాలర్లు, డీ ఆన్జా లాంటి క్వార్టర్ కాలేజీలో, అంటే ఏడాదిని రెండు సెమిస్టర్లకి బదులు మూడు క్వార్టర్లుగా నడిపేచోట, యూనిట్‌కి 31. ట్రాన్స్‌ఫర్‌కి కావలసిన 90 క్వార్టర్ యూనిట్లకి మొత్తం 2,790 డాలర్లు. యూసీలో ఒక్క ఏడాది ట్యూషనే 14 వేలు దాటుతుంది, హాస్టలూ తిండీ కలిపితే అంతకు రెట్టింపు పైనే. తేడా పెద్దదే, కాదనను. కానీ ఒక ఏడాది ఆలస్యమైతే ఒక ఏడాది జీతం పోయినట్టే కదా, ఆ లెక్క కూడా వేసుకోండి.

ఇప్పుడు అసలు పని. అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఉంది, రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల్లో ఏ కోర్సు చదివితే యూసీ, కాల్ స్టేట్ (రాష్ట్రంలోని ఇంకో ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థ) క్యాంపస్‌లలో దేనికి సమానమో అధికారికంగా చూపించేది అదే. మీ కాలేజీ, వెళ్ళాలనుకున్న క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే ఎడమ వైపు యూసీ కోర్సులూ కుడి వైపు మీ కాలేజీ కోర్సులూ వరసగా వస్తాయి. కుడి వైపు 'నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్' (అంటే సమానమైన కోర్సు మీ కాలేజీలో లేదు) అని ఎన్నిచోట్ల ఉందో చూడండి. ఒకటి రెండు ఉంటే సర్దుకోవచ్చు, మేజర్‌కి ముఖ్యమైన కోర్సుల దగ్గరే అలా ఉంటే మాత్రం ఆ కాలేజీ ఆ మేజర్‌కి పనికిరాదు, పక్క ఊళ్ళో ఇంకోటి చూసుకోండి. ఒక క్యాంపస్‌కి సరిపోయింది ఇంకో క్యాంపస్‌కి సరిపోతుందని అనుకోవద్దు, కనీసం మూడు క్యాంపస్‌ల జాబితాలు ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకోండి. వేరే రాష్ట్రాల కాలేజీలు ఈ సైట్‌లో రావు, వాటికి విడిగా రాసి అడగాల్సిందే.

తర్వాత ఆ కోర్సులని వరసలో పేర్చండి. ఇంజనీరింగ్‌కో కంప్యూటర్ సైన్స్‌కో వెళ్ళేవాళ్ళకి డీ ఆన్జాలో క్యాలిక్యులస్ ఒక్కటే నాలుగు క్వార్టర్లు, మ్యాథ్ 1ఏ, 1బి, 1సి, 1డి, ఒకటి అయితేగానీ రెండోది తీసుకోనివ్వరు. ఫిజిక్స్ వరస దాని పక్కనే నడవాలి. ఇందులో ఒక్క క్లాసులో సీటు దొరక్కపోతే వెనకున్నవన్నీ జరుగుతాయి. నాకు తెలిసిన ఒక కుర్రాడు రిజిస్ట్రేషన్ తెరిచిన రోజు బద్ధకించాడు, ఫిజిక్స్ మొదటి క్లాసు నిండిపోయింది, దాంతో ట్రాన్స్‌ఫర్ సరిగ్గా ఒక ఏడాది వెనక్కి పోయింది. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల్లో వచ్చిన స్కోరుతో మొదటి క్యాలిక్యులస్ క్లాసులు తప్పించుకోగలిగితే బోలెడంత వెసులుబాటు, కాలేజీలో చేరిన వెంటనే ఆ స్కోర్లు అక్కడికి పంపించేయండి. ఇంకొకటి, ఒక వరసలో సగం క్వార్టర్ కాలేజీలో, మిగతా సగం సెమిస్టర్ కాలేజీలో చదవొద్దు. సిలబస్ ఒకచోట ఆగిన దగ్గర ఇంకోచోట మొదలవదు.

చాలామంది తల్లిదండ్రులకి తట్టని విషయం ఇది. రెండేళ్ళు అంటాం గానీ, యూసీ దరఖాస్తు పెట్టేది రెండో ఏడాది అక్టోబర్, నవంబర్ నెలల్లో. అప్పటికి చేతిలో ఉండేది మొదటి ఏడాది మార్కులూ, మహా అయితే సమ్మర్‌లో చేసిన ఒకటి రెండు క్లాసులూ. అంటే చేరిన మొదటి క్వార్టర్ నుంచే మార్కులు రావాలి, ముందు అలవాటు పడి తర్వాత చదువుకుందాంలే అంటే కుదరదు. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీ క్లాసులు తీసుకుని ఉంటే ఆ గ్రేడ్లు కూడా కాలేజీ రికార్డులోనే ఉంటాయి, యూసీ అవి కూడా చూస్తుంది.

ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ, అంటే ట్రాన్స్‌ఫర్ సీటుకి ముందస్తు హామీ) గురించి అందరూ గొప్పగా చెబుతారు, నిజంగా మంచిదే. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లలో ఒకదానికి సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు పెట్టుకుంటే, షరతులన్నీ నెరవేరితే సీటు ఖాయం. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగోలకి ఈ హామీ లేదు. హామీ ఉన్నచోట కూడా అన్ని మేజర్లకీ ఉండదు, ఉదాహరణకి సాంటా బార్బరాలో ఇంజనీరింగ్ కాలేజీకి ట్యాగ్ లేదు, కంప్యూటర్ సైన్స్ అందులోదే. కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫర్ డిగ్రీతో కాల్ స్టేట్‌కి వెళ్ళేవాళ్ళకీ అంతే, ఎక్కడో ఒకచోట సీటు ఖాయం గానీ శాన్ హోసే స్టేట్‌లో కంప్యూటర్ సైన్సే వస్తుందని కాదు. అందుకే నా మటుకు నేను చెప్పేది: ఎకనామిక్స్, బయాలజీ, సైకాలజీ లాంటివైతే కమ్యూనిటీ కాలేజీ దారి ధైర్యంగా ఎంచుకోవచ్చు. కంప్యూటర్ సైన్సే కావాలి, దానికి ఏదో ఒక మంచి నాలుగేళ్ళ కాలేజీలో సీటు ఇప్పటికే వచ్చి ఉంది, ఇంట్లో స్తోమత ఉంది అంటే, పేరు చిన్నదని ఆ సీటు వదులుకోవద్దు.

హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి ఇంకా జాగ్రత్త కావాలి. 21 నిండగానే ఆ వీసా పోతుంది, మామూలుగా ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి, ఆ పని నెలల తరబడి సాగుతుంది కాబట్టి ముందే లాయర్‌తో మాట్లాడుకోండి. హెచ్-4 మీద రాష్ట్రవాసుల ఫీజుకి అర్హత సంపాదించుకోవచ్చు, ఎఫ్-1కి మారాక అది పోయే ప్రమాదం ఉంది, పోతే యూసీలో ఏడాదికి అదనంగా 30 వేల డాలర్ల పైనే. ఈ రెండు వీసాల మీదా ఫీజులకి ఫెడరల్ సాయం రాదు. కాబట్టి పుట్టిన తేదీ ముందు పెట్టుకుని, 21 తర్వాత ఎన్ని క్వార్టర్ల చదువు మిగులుతుందో రెండు దారుల్లోనూ లెక్కేయండి. ట్రాన్స్‌ఫర్ ఒక ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాది పడేది ఈ ఖరీదైన వైపే. వెళ్ళాలనుకున్న క్యాంపస్‌లో రెసిడెన్సీ చూసే ఆఫీసుకి మెయిల్ రాసి, జవాబు దాచుకోండి.

పిల్లల మాట కూడా వినండి. స్నేహితులంతా హాస్టళ్ళకి వెళ్ళిపోయాక, తను మాత్రం అదే గదిలో ఉండి అదే ఊళ్ళో క్లాసులకి వెళ్ళడం 18 ఏళ్ళ పిల్లకి చిన్న విషయం కాదు. తనకి ఇష్టం లేకుండా తోస్తే మొదటి క్వార్టర్ మార్కుల్లోనే కనిపిస్తుంది.

కమ్యూనిటీ కాలేజీయే అని తేల్చుకుంటే మేలోనే ఓరియంటేషన్ పూర్తిచేసి, కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి, ప్రింట్ తీసిన జాబితాలు పట్టుకెళ్ళి ఆరు క్వార్టర్ల ప్లాన్ రాయించుకుని రండి. రిజిస్ట్రేషన్ తేదీ వచ్చినరోజు ఆ టైముకి లాగిన్ అయి ముందు మ్యాథ్, ఆ తర్వాత ఫిజిక్స్ క్లాసుల సీట్లు పట్టుకోండి, మిగతావి సాయంత్రమైనా దొరుకుతాయి.