తెలుగు మాటను తెంగ్వార్‌లో రాయడం ఎలా

'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత టోల్కిన్ అభిమానుల్లో చాలామంది, ఆయన కథల్లోని ఎల్ఫులనే కల్పిత జాతి లిపి తెంగ్వార్‌లో తమ సొంత భాష రాసుకుంటారు. ఏ ధ్వనికి ఏ అక్షరం అని ఒక భాషకు కుదుర్చుకున్న ఏర్పాటును 'మోడ్' అంటారు. తెలుగువాళ్లు సాధారణంగా పేరును ఇంగ్లీషు స్పెల్లింగులో టైప్ చేసి, ఏదో ఒక కన్వర్టర్ ఇచ్చింది తీసుకుంటారు. అది ఇంగ్లీషు మోడ్. 'త' కోసం మనం కొట్టే టీ-హెచ్ జంటను అది ఇంగ్లీషు ధ్వనిగా తీసుకుని వేరే అక్షరం ఇస్తుంది. తెలుగు నుంచి నేరుగా రాస్తే ఈ చిక్కు ఉండదు, పైగా పని తేలిక. ఎందుకంటే తెంగ్వార్ మన వర్ణమాల లాగే స్థానం (ధ్వని నోట్లో పుట్టే చోటు), ప్రయత్నం (పలికే తీరు) ఆధారంగా కట్టిన లిపి. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మూడో సంపుటం (1955) చివరి అనుబంధాల్లో టోల్కిన్ దీన్ని వివరించారు. ఏ భాషకైనా విలువలు మార్చుకోవచ్చని కూడా అక్కడే చెప్పారు.

ముందు ఆకారం అర్థం చేసుకోండి. ప్రధాన అక్షరాలు 24. ప్రతిదానిలో ఒక కాడ, ఒక వంపు ఉంటాయి. వంపు కాడకు కుడివైపు ఉండి తెరుచుకుని ఉంటే త-వర్గం, మూసుకుంటే ప-వర్గం. ఎడమవైపు తెరుచుకుంటే చ-వర్గం, మూసుకుంటే క-వర్గం. కాడ కిందికి దిగి ఒకే వంపు ఉంటే పరుషం, జంట వంపు ఉంటే సరళం. కాబట్టి త, ప, చ, కలకు తింకో, పార్మా, కాల్మా, క్వెస్సే. ద, బ, జ, గలకు అందో, ఉంబర్, అంగా, ఉంగ్వే. కాడను పైకీ కిందికీ రెండువైపులా సాగదీస్తే ఒత్తక్షరం: థ, ధ, ఫ, భ, ఛ, ఝ, ఖ, ఘ. ఇది మన కల్పన కాదు, ఈ సాగిన కాడ మామూలుగా మహాప్రాణాలకేనని అనుబంధంలోనే ఉంది.

ట-వర్గం దగ్గరే అందరూ ఆగిపోతారు. తెంగ్వార్‌లో వర్గాలు నాలుగే, మనకు ఐదు. త కింద చుక్క పెట్టి ట అనుకోవడం మొదట తట్టే దారి. కానీ ద్విత్వానికి గీత పెట్టాల్సింది కూడా అక్షరం కిందే. చెట్టు, గుడ్డు, పిట్ట లాంటి మాటల్లో చుక్కా గీతా ఒకదానిమీద ఒకటి పడి చదవలేం. మా ఎంపిక వేరు. కాడ పైకి లేచిన సూలే, ఆంతో ఇంగ్లీషులో నాలుకను పళ్ల మధ్య పెట్టి పలికే ధ్వనులకు వాడతారు. తెలుగులో ఆ ధ్వనులు లేవు గనుక ఆ రెండూ ఖాళీ. సూలేను టకు, ఆంతోను డకు ఇవ్వండి. అరుదుగా వచ్చే ఠ, ఢ, ణ, షలకు మాత్రం థ, ధ, న, శల కింద చుక్క చాలు.

మిగిలినవి త్వరగా చూద్దాం. న నూమెన్, మ మాల్తా, య అన్నా, వ వాలా, ర రోమెన్, ల లాంబే, ళ అల్దా, హ హ్యార్మెన్, శ అహా. స కు సిల్మే. పైన అచ్చు గుర్తు పడేటప్పుడు దాని తలకిందుల రూపం వాడితే చోటు దొరుకుతుంది. ఫోను, ఆఫీసులలో పలికే ధ్వనికి ఫోర్మెన్.

అచ్చులు మన గుణింతాల్లాగే హల్లు మీద కూర్చుంటాయి. ఏ హల్లు మీద అన్నది మోడ్‌ను బట్టి మారుతుంది. మాటలు హల్లుతో ముగిసే భాషల్లో తర్వాతి హల్లు మీద, అచ్చుతో ముగిసే క్వెన్యా (టోల్కిన్ సృష్టించిన ఒక ఎల్ఫుల భాష) లాంటి భాషల్లో ముందు హల్లు మీద పెడతారు. తెలుగు అజంతం, కాబట్టి క్వెన్యా పద్ధతే తీసుకోండి. అ కు మూడు చుక్కలు, ఇ కు ఒక చుక్క, ఎ కు ఏటవాలు గీత, ఒ కు కుడికి తెరిచిన కొక్కెం, ఉ కు ఎడమకు తెరిచిన కొక్కెం. కథలోని ఉంగరం మీది రాతలో ఉకారానికి కుడి కొక్కెం ఉంటుంది. రెంటినీ కలిపి రాస్తే గుడి గొడి అవుతుంది. ఏ, ఓ, ఊలకు అదే గుర్తు రెండుసార్లు. ఆ, ఈలకు హల్లు పక్కన పొడవు వాహకం (గుర్తును మోసే ఒట్టి నిలువు గీత) గీసి గుర్తు దానిమీద పెట్టాలి. రెండు చుక్కలు పైన పెట్టి ఈ అనుకోకండి, జంట చుక్కలు యకారానికి కేటాయించినవి. వాటిని త కింద పెడితే 'సత్యం'లోని త్య వస్తుంది. మాట మొదట్లో హ్రస్వ అచ్చు వస్తే పొట్టి వాహకం. ఐ, ఔలకు యంతా, ఊరేల మీద మూడు చుక్కలు.

క్వెన్యాలో అకారం వదిలేసి రాయడం కూడా ఉంది. మన తలకట్టు అలవాటుకు అది ముచ్చటగా అనిపిస్తుంది. అయినా వద్దంటాం. అలా రాస్తే 'ప్ర'కూ 'పర'కూ తేడా చూపడానికి పొల్లు గుర్తు ఇంకొకటి కావాలి. మూడు చుక్కలూ గీయడం విసుగైతే టోపీ ఆకారంలో ఒకే గీత గీయండి, వేగంగా రాసేటప్పుడు అది చెల్లుతుంది.

ఈ లిపిలో తెలుగుకు బాగా కలిసొచ్చేది సున్న. హల్లు పైన అడ్డగీత పెడితే దాని ముందు ఆ వర్గపు అనునాసికం ఉన్నట్టు. పండు, గంప, మంచం, వంకాయ అన్నిటికీ ఒకే గీత. మాట చివరి సున్నకు మాల్తా రాయండి. సింహం, వంశం లాంటి వాటిలో మధ్యన కూడా అంతే. కింద గీత ద్విత్వం. 'బుద్ధి'లో రెండు హల్లులూ ఒకటి కావు గనుక ద, ధ విడివిడిగా రాయాలి.

'చెట్టు' రాసి చూడండి: కాల్మా మీద ఏటవాలు గీత, తర్వాత సూలే, దాని కింద అడ్డగీత, పైన ఎడమ కొక్కెం. కొక్కెం లేచిన కాడ మీద కాదు, దాని పక్కన వంపు మీద పడాలి. 'పండు'లో ఆంతో మీద ముందు అడ్డగీత, దానిపైన కొక్కెం.

సాధనకు ఇంగ్లీషు చేతిరాత నేర్పే నాలుగు గీతల కాపీ పుస్తకం సరిగ్గా సరిపోతుంది. వంపు మధ్య రెండు గీతల నడుమ, కాడ పై గీతకో కింది గీతకో. అచ్చు గుర్తులకు చోటు కావాలి గనుక వరస విడిచి వరస రాయండి. చెయ్యి కుదిరాక 1.5 మిల్లీమీటర్ల చదును పాళీ పట్టండి; వంపు ఎత్తు పాళీ వెడల్పుకు నాలుగైదు రెట్లు ఉంచితే లావు సన్నాలు తేలతాయి.

కంప్యూటర్‌లో రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. యూనికోడ్‌లో తెంగ్వార్ ఇంకా చేరలేదు. డాన్ స్మిత్ ఫాంట్ల ఏర్పాటులో కీబోర్డు ధ్వనిని కాక పట్టికను అనుసరిస్తుంది: ఒకటి అంకె, దాని కింద క్యూ, ఏ, జెడ్ మీటలు తింకో, పార్మా, కాల్మా, క్వెస్సే ఇస్తాయి. టీ నొక్కితే మ వస్తుంది. పంపేటప్పుడు బొమ్మగా పంపండి, లేకపోతే అవతల ఫోనులో డబ్బాలో చెత్త అక్షరాలో కనిపిస్తాయి.

ఉంగరం నాశనమైన తేదీ మార్చి 25. టోల్కిన్ సొసైటీ 2003 నుంచి ఆ రోజును పఠన దినంగా జరుపుతోంది. ఆ రోజు కార్డు పంపుతుంటే మూలన మీ మోడ్ పట్టిక చిన్నగా వేయండి, ట-వర్గం ఎంపికలు తప్పకుండా. పచ్చబొట్టు వేయించుకునేవాళ్లు ఆ పట్టికతో పాటు రాతను ఇంకొకరికి ఇచ్చి, మాట ముందుగా చెప్పకుండా చదివించండి. వాళ్లు తడబడిన అక్షరం దగ్గరే దిద్దుకోవాలి.