వేడి బావికి జెల్ కలపాలంటే ముందు ట్యాంకు నీళ్లు తెప్పించండి

గోరుచిక్కుడు గింజల పొడి నీళ్లలో కలిపి గ్యాస్ బావిలో రాతిని చీల్చడానికి మూడున్నర కిలోమీటర్ల లోతుకి పంపు చేస్తామంటే మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. రాజమండ్రిలో నా ల్యాబ్ పని అదే. రాజస్థాన్ నుంచి వచ్చే ఆ పొడిని, అంటే గ్వార్ గమ్‌ని, జెల్ చేయడం, అది ప్రోపెంట్‌ని (చీలిక మూసుకుపోకుండా ఆపే ఇసుకలాంటి గింజల్ని) మోస్తూ రాతి చీలికలోకి వెళ్లేదాకా వేడికి విరిగిపోకుండా చూడటం.

160 డిగ్రీల బావికి నేను మామూలు గ్వార్ జోలికి పోను, రసాయనికంగా మార్చిన గ్వార్ రకం సీఎంహెచ్‌పీజీ తీసుకుంటాను. దాంట్లో కరగని మడ్డి తక్కువ, గొలుసుల్లాంటి గ్వార్ అణువుల్ని ముడివేసే జిర్కోనియంతో బాగా జెల్ కడుతుంది. బోరేట్‌తో ముడివేసిన జెల్ 150 దగ్గరికి వచ్చేసరికే అవస్థ పడుతుంది. 200 దాటితే గ్వార్ జాతినే వదిలేసి సింథటిక్ పాలిమర్లకు వెళ్లాలి, ఆ కథ వేరు.

మొదటి పని, బావి దగ్గర ట్యాంకులోంచే నీళ్లు తెప్పించడం. నేను ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌తో చేసి మురిసిపోయాను. అదే రెసిపీ సైట్ నీళ్లతో కలిపితే ఇరవై నిమిషాల్లో చారు అయిపోయింది. ఆ నీళ్లలో ఉన్న బైకార్బనేట్ జిర్కోనియంని ముందే పట్టేసుకుంది. అప్పట్నుంచి పీహెచ్, బైకార్బనేట్, ఇనుము చూడకుండా పొడి డబ్బా మూత తీయను. నీళ్లు నిలవైతే వాసన చూడండి. బయోసైడ్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది గానీ, అవి అప్పటికే వదిలేసిన ఎంజైములు గ్వార్‌ని కోస్తూనే ఉంటాయి.

లీటరు నీళ్లకి 4.8 గ్రాముల పొడి. బ్లెండర్‌లో సుడి తిరుగుతుంటే దాని అంచున చిటికెలు చిటికెలుగా చల్లండి. గుప్పెడు ఒక్కసారే వేస్తే చేప కళ్లలా ఉండలు కడతాయి, అవి ఇక కరగవు. పొడి నేల మీద పడితే మాత్రం తడిగుడ్డ వెయ్యకండి, ముందు పొడిగానే ఊడ్చేయండి. తడిస్తే నాచు పట్టిన మెట్టులా జారుతుంది. నేనూ పడ్డాను.

అరగంట నానాక సోడియం థయోసల్ఫేట్ వేయాలి. ఆ వేడిలో నీళ్లలో ఉన్న ఆక్సిజనే గొలుసుల్ని తెంపుతుంది, ఇది దాన్ని తినేస్తుంది. తర్వాత పీహెచ్ సరిచేసి, చివర్లో క్రాస్‌లింకర్, అంటే ఆ ముడివేసే జిర్కోనియం.

అసలు తెలివంతా క్రాస్‌లింకర్ ఆలస్యంలో ఉంది. బోరేట్ బంధం తెగినా మళ్లీ అతుక్కుంటుంది. జిర్కోనియంది తెగితే తెగినట్టే. ట్యూబింగ్‌లో (బావిలోకి దిగే గొట్టంలో) దౌడు తీస్తున్నప్పుడే కట్టేసిందనుకోండి, కింద చీలికకి చేరేది చిరిగిన జెల్. మూడున్నర అంగుళాల ట్యూబింగ్, 3500 మీటర్లు అంటే దాదాపు 100 బ్యారెళ్లు. నిమిషానికి 20 బ్యారెళ్లు పంపు చేస్తే ప్రయాణం 5 నిమిషాలు. కాబట్టి జెల్ రెండున్నర, మూడున్నర నిమిషాల మధ్య కట్టేలా చూస్తాను. బ్లెండర్‌లో సుడి మూసుకుపోయే క్షణం దాకా స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడటమే దీనికి పరీక్ష.

బీకరు వంచితే నాలుకలా వేలాడి, మళ్లీ లోపలికి ముడుచుకునే జెల్ చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని నమ్మకండి. చిక్కదనం కొలిచే రియోమీటర్‌లో పెట్టి, నీళ్లు మరగకుండా నైట్రోజన్‌తో 400 పీఎస్‌ఐ ఒత్తిడి ఇచ్చి, 160 డిగ్రీల్లో పంపింగ్ అయ్యేంతసేపు తిప్పండి. సెకనుకు 100 షియర్ (జెల్ పొరలు ఒకదాని మీద ఒకటి జారే వేగం) దగ్గర చిక్కదనం 100 సెంటీపాయిజ్‌కి పైన ఉండాలి. గ్రాఫ్ ఉన్నట్టుండి పడిపోతే రెసిపీని తిట్టేముందు కప్పు విప్పి చూడండి. ఒక్కోసారి జెల్ కప్పు మధ్యలో ఉండే బాబ్ (లోపలి కడ్డీ) కాడని పట్టుకుని పైకి ఎక్కేసి ఉంటుంది.

ఇంత నిలబెట్టాక దాన్ని మనమే విరగ్గొట్టాలి. లేకపోతే ప్రోపెంట్ మధ్య బంకలా కూర్చుని గ్యాస్‌ని రానివ్వదు. విరగ్గొట్టే మందుల్లో (బ్రేకర్లలో) పర్సల్ఫేట్ ఈ వేడికి మరీ తొందరపడుతుంది, నేను బ్రోమేట్ వాడతాను. బ్రేకర్ కలిపిన జెల్‌ని మూత బిగించిన స్టీలు సెల్‌లో పెట్టి రాత్రంతా 160లో వదిలేయండి. పొద్దున్న పూర్తిగా చల్లారాక తీసి గాజు కప్పులోకి వంపండి. నీళ్లలా జారిందా, సరే. అడుగున తీగలు సాగిందా, బ్రోమేట్ కాస్త పెంచి, మళ్లీ రియోమీటర్ దగ్గర్నుంచి మొదలు.